రెండు నిమిషాల విమానం

మొన్నామధ్య ఆఫీసులో నా నెత్తిన ఒక బగ్గు పడింది. రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పే చిన్న ప్రోగ్రామది. ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిపోయారు. ఆస్తి పంపకాల్లో పాత ఇనప్పెట్టె వచ్చినట్టు నా వాటాకొచ్చింది. హైదరాబాదు నుంచి ఢిల్లీ, విశాఖ నుంచి చెన్నై లాంటివి అడిగితే బుద్ధిగానే చెబుతుంది. కానీ మా టెస్టింగు అమ్మాయికి బుర్ర కాస్త ఎక్కువ. స్కాట్లాండుకి ఉత్తరాన సముద్రంలో ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు విమానాశ్రయాలు వెతికి పట్టుకొచ్చి ఇచ్చింది. మా ప్రోగ్రాము తడుముకోకుండా దూరం 3.1 కిలోమీటర్లు, ప్రయాణం 30 నిమిషాలు అని చెప్పేసింది.

అసలు దూరం 2.7 కిలోమీటర్లు. ప్రయాణం టైంటేబుల్లో రెండు నిమిషాలు. అన్నీ కలిసొస్తే నిమిషం కూడా పట్టదు. ప్రపంచంలో టైంటేబులు పెట్టుకుని నడిచే విమానాల్లో ఇంతకన్నా చిన్న ప్రయాణం లేదు.

బగ్గు సరిచేయడానికి ఒక పూట చాలు. దాని వెనకాల తవ్వుకుంటూ పోవడానికి మాత్రం రెండు వారాంతాలు పట్టింది. ఈ టపా ఆ తవ్వకాల ఫలితం.

ముందు దూరం సంగతి చూద్దాం. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, భూమి కేంద్రం దగ్గర ఆ రెంటి మధ్య ఎంత కోణం ఉందో కట్టే సూత్రం ఒకటుంది. దాన్నించి మనకి ఆ కోణపు కొసైను వస్తుంది. కోణాన్ని భూమి వ్యాసార్ధంతో, అంటే 6371 కిలోమీటర్లతో, గుణిస్తే దూరం. బానే ఉంది కదా! చిక్కెక్కడంటే, కోణం మరీ చిన్నదైతే కొసైను వెళ్ళి ఒకటికి అతుక్కుపోతుంది. 2.7 కిలోమీటర్లకి దాని విలువ 0.99999991. మా కోడు రాసిన మహానుభావుడు మెమరీ ఆదా చేద్దామని అంకెలన్నీ 32 బిట్ల ఫ్లోట్లలో దాచాడు. ఆ ఫ్లోట్లు ఒకటికి కాస్త కింద ఉన్న సంఖ్యల్ని పదికోట్లలో ఆరు వంతుల చొప్పున ఎడమెడంగానే పట్టుకోగలవు. అంటే ఒకటి తర్వాత మెట్టు దిగితే 2.2 కిలోమీటర్లు, ఇంకో మెట్టు దిగితే 3.1 కిలోమీటర్లు. మెట్టు దిగకపోతే సున్నా. మధ్యలో 2.7 అనే దూరం ఆ లెక్క ప్రకారం ఈ భూమ్మీదే లేదు! లెక్క ఇంకాస్త అటూ ఇటూ అయితే రెండు దీవులూ ఒకే చోట ఉన్నాయని కూడా అనగలదు.

ఇది కంప్యూటర్లతో వచ్చిన రోగం అనుకున్నా. కాదుట. ఓడలు నడిపేవాళ్ళు పుస్తకాల్లో అచ్చేసిన పట్టికలు చూసి లెక్కలు కట్టే రోజుల్లోనే ఉంది. దశాంశం తర్వాత అయిదు అంకెలున్న పట్టికలో పది నాటికల్ మైళ్ళ దూరానికి కొసైను చూస్తే 1.00000 అని ఉంటుంది. అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల సముద్రం పట్టికలో సున్నా. రేవు ఎదురుగా కనిపిస్తున్న ఓడ కూడా రేవులోనే ఉన్నట్టు లెక్క. దీనికి విరుగుడుగా వాళ్ళు కొసైను బదులు, ఒకటిలోంచి కొసైను తీసేయగా మిగిలినదాంట్లో సగాన్ని పట్టికలుగా వేసుకున్నారు. చిన్న కోణానికి అది చిన్న సంఖ్యే అవుతుంది గానీ, మాయం మాత్రం అవదు. దానికి 1835లో జేమ్స్ ఇన్మన్ అనే ఇంగ్లీషు లెక్కల పంతులు హవర్సైన్ అని పేరు పెట్టాడు. పేరు ఆయనది గానీ, ఒకటిలోంచి కొసైను తీసేసే ఆలోచన మనకి చాలా పాతది. సూర్యసిద్ధాంతంలో ఉత్క్రమజ్య అని పట్టికే ఉంది. కంప్యూటర్లు వచ్చాక అందరూ హవర్సైన్‌ని అటకెక్కించారు. 1984లో సినట్ అనే ఆయన ఒక ఖగోళ పత్రికలో, చిన్న దూరాలకి ఇదే మంచిదర్రా అని మళ్ళీ గుర్తు చేయాల్సొచ్చింది. మా మహానుభావుడు అది చదివినట్టు లేదు.

ఇక టైము. మా కోడు చేసేదేమిటంటే, దూరాన్ని గంటకి 800 కిలోమీటర్లతో భాగించి, లేవడానికీ దిగడానికీ కలిపి 30 నిమిషాలు పైన వేస్తుంది. పెద్ద జెట్ విమానాలకి ఇది దాదాపు సరిపోతుంది. ఈ దీవుల మధ్య మాత్రం ప్రయాణం 12 సెకన్లు, మర్యాదలు 30 నిమిషాలు అని తేలింది! అక్కడ తిరిగేది బ్రిటన్-నార్మన్ ఐలాండర్ అనే బుల్లి విమానం. రెండు పిస్టన్ ఇంజన్లు, గంటకి 240 కిలోమీటర్ల వేగం. పైలటు కాక ఎనిమిది మంది పడతారు, అందులో ఒకరు పైలటు పక్కనే కూర్చోవచ్చు. 240 లెక్కన 2.7 కిలోమీటర్లకి 40 సెకన్లు. గాలి, రన్‌వే దిశ, బరువు అన్నీ కుదిరిన రోజున స్టూవర్ట్ లింక్లేటర్ అనే పైలటు 53 సెకన్లలో దాటించాడు. రికార్డు అదే. ఆయన 2013లో రిటైరయ్యేలోగా ఈ రెండు దీవుల మధ్య 12 వేల సార్లకి పైగా ఎగిరాడు. పన్నెండు వేల సార్లు టేకాఫ్, పన్నెండు వేల సార్లు లాండింగ్, మధ్యలో పెద్దగా ఏమీ లేదు. ఆలోచిస్తే మన సిటీ బస్సు డ్రైవరు ఉద్యోగం లాంటిదే.

ఇంతకీ ఈ దీవుల గురించి నాలుగు ముక్కలు. పాపా అంటే మన పాప కాదు. నార్వే నుంచి ఓడల మీద వచ్చినవాళ్ళు తమకన్నా ముందు అక్కడున్న క్రైస్తవ సన్యాసుల్ని పాపర్ అన్నారు, ఆ పేరు నిలిచిపోయింది. అక్కడివాళ్ళు ముద్దుగా పాపే అంటారు. 2001 జనాభా లెక్కల్లో 65 మంది, 2011లో 90 మంది. పక్కనున్న వెస్ట్రేలో 2011లో 588. పాపే ఒడ్డున నాప్ ఆఫ్ హవర్ అని రెండు రాతి ఇళ్ళున్నాయి. క్రీస్తుకు పూర్వం 3700 ప్రాంతంలో కట్టినవి, గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఉత్తర ఐరోపాలో ఇంత పాత ఇల్లు ఇంత బాగా మిగిలింది వేరే లేదంటారు.

ఇంకో తమాషా. ఈ ఆర్క్‌నీ మొత్తం స్కాట్లాండుకి కట్నం బాకీ కింద దఖలు పడింది. 1468లో డెన్మార్కు, నార్వేల రాజు తన కూతుర్ని స్కాట్లాండు రాజు మూడో జేమ్స్‌కి ఇస్తూ 60 వేల ఫ్లోరిన్ల కట్నం ఒప్పుకున్నాడు. అందులో 50 వేలకి ఆర్క్‌నీని తాకట్టు పెట్టాడు. మిగతా పది వేలైనా చేతిలో లేకపోతే మరుసటి ఏడు షెట్లాండు దీవుల్ని కూడా పెట్టాడు. తాకట్టు విడిపించలేదు, 1472లో స్కాట్లాండు కలిపేసుకుంది. పెళ్ళికి అప్పు చేసి పొలం పోగొట్టుకున్న కథలు మన ఊళ్ళలోనే అనుకున్నా :)

సరే, విమానాల దగ్గరికొద్దాం. ఈ దీవులకి విమానం తెచ్చినవాడు కెప్టెన్ టెడ్ ఫ్రెసన్. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడపడం నేర్చుకుని, ఆ తర్వాత ఊరూరా తిరుగుతూ, డబ్బులు తీసుకుని జనాన్ని గాల్లో ఓ చుట్టు తిప్పి దించే పని చేశాడు. తిరునాళ్ళలో రంగులరాట్నం వాడి లాంటి బతుకు. స్కాట్లాండు ప్రధాన భూభాగానికీ ఆర్క్‌నీకీ మధ్య పెంట్లండ్ ఫర్త్ అని ఒక జలసంధి ఉంది. ఆటుపోట్లకి పేరుపడ్డ సముద్రం. ఓడలో దాటినవాళ్ళ మొహాలు చూసి ఫ్రెసన్‌కి వ్యాపారం కనిపించి ఉంటుంది. హైలండ్ ఎయిర్‌వేస్ అని కంపెనీ పెట్టి 1933 మే 8న ఇన్వర్నెస్ నుంచి విక్ మీదుగా ఆర్క్‌నీ ముఖ్యపట్నం కర్క్‌వాల్‌కి సర్వీసు మొదలుపెట్టాడు. ఏడాది దాటాక, 1934 మే 29న, ఇన్వర్నెస్ నుంచి కర్క్‌వాల్‌కి ఉత్తరాలు మోశాడు. మామూలు స్టాంపు ధరకే, విమానానికని పైన ఏమీ పుచ్చుకోకుండా. బ్రిటన్‌లో దేశం లోపల అలా నడిచిన మొదటి విమాన టపా అదే.

ఫ్రెసన్ అక్కడితో ఆగలేదు. ఆర్క్‌నీలోని ఉత్తర దీవులకి కూడా విమానాలు నడిపాడు. అక్కడ ఎయిర్‌పోర్టులంటే ఏముంటాయి? రైతులతో మాట్లాడుకుని, చదునైన పొలాలు చూసుకుని దిగడమే. 1930ల్లోనే ఆ దీవుల్లో పొలం గట్టు మీద నుంచి విమానం ఎక్కి పట్నం డాక్టరు దగ్గరికి వెళ్ళే వీలు వచ్చింది. నన్నడిగితే ఈ కథలో అసలు నాయకుడు 53 సెకన్ల పైలటు కాదు, ఈయన.

1939లో యుద్ధం వచ్చింది. ఆర్క్‌నీ మధ్యలోని స్కాపా ఫ్లో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద స్థావరం. అక్టోబరు 14 తెల్లవారుజామున ఒక జర్మన్ జలాంతర్గామి దీవుల మధ్య సందులోంచి దూరి, లోపల లంగరేసి ఉన్న రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచేసింది. 830 మందికి పైగా పోయారు. దాంతో తూర్పు వైపు సందులన్నీ మూసేయమని చర్చిల్ ఆజ్ఞ. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటలీ ఖైదీల్ని వెయ్యి మందికి పైగా తీసుకొచ్చి రాళ్ళూ కాంక్రీటు దిమ్మలూ సముద్రంలో పోయించారు. యుద్ధఖైదీల చేత యుద్ధం పని చేయించకూడదని అంతర్జాతీయ నియమం. ఖైదీలు అదే మాట అడిగితే, ఇది యుద్ధం పని కాదు, దీవుల జనానికి రోడ్డు వేస్తున్నాం అని సర్దిచెప్పారు. అబద్ధంగా చెప్పింది చివరికి నిజమై కూర్చుంది. 1945 మేలో ప్రారంభించిన ఆ నాలుగు అడ్డుకట్టల మీద రోడ్డు పడి, దక్షిణాన ఉన్న దీవులు ప్రధాన ద్వీపానికి కలిసిపోయాయి. నాలుగింటి పొడవూ కలిపితే రెండున్నర కిలోమీటర్ల లోపే.

ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను. వెస్ట్రేకీ పాపేకీ మధ్య విమానం ఎగిరే దూరం కూడా ఇంచుమించు అంతే కదా! యుద్ధనౌకల కోసం అంత సముద్రాన్ని పూడ్చినవాళ్ళు, కాసిని కుటుంబాల కోసం పూడుస్తారా? పూడ్చరు. పూడ్చమని అడిగేవాడు కూడా ఉండడు. సరే, పూడ్చకపోతే మానె, ఉన్న విమానమైనా ఉంచారా అంటే అదీ లేదు. యుద్ధంతో దీవుల మధ్య సర్వీసులు ఆగిపోయాయి. యుద్ధమయ్యాక ప్రభుత్వం విమాన కంపెనీల్ని జాతీయం చేసింది. 1947 ఫిబ్రవరిలో ఫ్రెసన్ సర్వీసులన్నీ బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ కిందికి పోయాయి. 1948లో ఆ సంస్థ ఫ్రెసన్‌నే ఇంటికి పంపించేసింది. కర్క్‌వాల్‌కి విమానాలు వచ్చాయి, పోయాయి. అక్కణ్ణించి చిన్న దీవులకి మాత్రం రాలేదు. 1930ల్లో ఉన్న సౌకర్యం 1950ల్లో లేదు. లండన్‌లో కూర్చుని పట్టిక చూసేవాడికి ఆ దీవులు 1.00000 అని కనిపించి ఉంటాయి.

తిరిగి తెచ్చింది విమానాలవాడు కాదు, రోడ్ల కాంట్రాక్టరు. విల్లీ లోగన్ అని స్కాట్లాండులో రోడ్లూ వంతెనలూ కట్టే ఆసామి. డండీ దగ్గర టే నది మీద రోడ్డు వంతెన కట్టింది ఆయన కంపెనీయే. పనులు జరిగే చోట్ల మధ్య తిరగడానికి సొంత విమానం ఉంటే బావుంటుందని 1962లో ఒక చిన్న ఎయిర్ టాక్సీ కంపెనీ పెట్టాడు. అదే లోగన్ఎయిర్. పాపం 1966 జనవరిలో, తన కంపెనీ విమానం ఖాళీ లేక వేరేవాళ్ళది అద్దెకి తీసుకుని వెళ్తూ ఇన్వర్నెస్ దగ్గర కూలిపోయి చనిపోయాడు. ఆ వంతెన ప్రారంభం అదే ఏడు ఆగస్టులో. కంపెనీ మాత్రం బతికి బట్టకట్టింది. 1967లో ఆర్క్‌నీ దీవుల మధ్య సర్వీసులు మొదలుపెట్టింది.

సరైన విమానం కూడా సరిగ్గా అప్పుడే దొరికింది. జాన్ బ్రిటన్, డెస్మండ్ నార్మన్ అనే ఇద్దరు మిత్రులకి ఆఫ్రికాలో కామెరూన్‌లోని ఒక చిన్న విమాన కంపెనీతో సంబంధం ఉండేది. పొట్టి రన్‌వేలు, పొట్టి ప్రయాణాలు, కొద్దిమంది జనం, తక్కువ ఖర్చు, ఈ నాలుగింటికీ సరిపడే విమానం మార్కెట్లో లేదని అక్కడ అర్థమై, తామే తయారుచేశారు. ఐలాండర్ మొదటిసారి ఎగిరింది 1965 జూన్‌లో. చక్రాలు లోపలికి ముడుచుకోవు. ఆ మాట కొస్తే రెండు నిమిషాల ప్రయాణానికి ముడిచేదెప్పుడు, తీసేదెప్పుడు? కామెరూన్ అడవుల కోసం ఆలోచించిన బండి ఉత్తర సముద్రపు దీవులకి సరిపోయింది. రెండు చోట్లా అవసరం ఒకటే మరి. ఫ్రెసన్ మాత్రం ఇది చూడలేదు, 1963లోనే పోయాడు. ఆయన జ్ఞాపకాల పుస్తకం అచ్చయింది 1967లోనే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 2.7 కిలోమీటర్ల విమాన మార్గం పెడదామని ఎవడూ కూర్చుని ఆలోచించలేదు. విమానం వచ్చేది కర్క్‌వాల్ నుంచి. వెస్ట్రేలో దిగి కొందరిని దించి, పక్కనే ఉన్న పాపేలో దిగి ఇంకొందరిని దించి, మళ్ళీ కర్క్‌వాల్ పోతుంది. మన పల్లెవెలుగు ఒక ఊరి బయటా, పక్క ఊరి చావిడి దగ్గరా ఆగినట్టే. ఆ రెండు స్టాపుల మధ్య ముక్క మాత్రం రికార్డుల పుస్తకాలకెక్కింది. దాని కోసమే వచ్చే యాత్రికులు ఉన్నారు, వాళ్ళకి ఎగిరినట్టు సర్టిఫికెట్ కూడా ఇస్తారు. కానీ విమానం నడిచేది యాత్రికుల కోసం కాదు. టీచర్లు, డాక్టరు, పోలీసు, పిల్లలు, రోగులు, వాళ్ళ కోసం. దీవుల సర్వీసుకి పది లక్షలవ ప్రయాణికురాలని 2016లో పూలగుత్తి ఇచ్చింది ఒక బ్యాంకు ఉద్యోగినికి. దీవి దీవికీ వెళ్ళి ఖాతాదారుల పని చూడటమే ఆవిడ ఉద్యోగం. అప్పటికే ఇంచుమించు పది వేల సార్లు ఎగిరిందిట.

టికెట్ల మీద ఇది గిట్టదు. ఆర్క్‌నీ కౌన్సిలు ప్రజాధనంతో నడిపిస్తుంది. దీని మీద వాదన ఎప్పుడూ ఉండేదే. మా టీములోనే మొన్న భోజనాల దగ్గర ఈ కథ చెబితే, తొంభై మందికి విమానమేంటి బాసూ, పడవ పెడితే పోలా అన్నాడొకడు. పడవ ఉంది. వెస్ట్రే నుంచి పాపేకి 25 నిమిషాలు. కానీ అది వెస్ట్రే వరకే కదా. అక్కణ్ణించి కర్క్‌వాల్‌కి ఇంకో ఓడ, ఇంకో గంటంబావు పైన. శీతాకాలపు గాలుల్లో అదెప్పుడు కదులుతుందో సముద్రం చెప్పాలి. విమానం కర్క్‌వాల్ నుంచి పావుగంట.

నేనీ విషయంలో తటస్థంగా లేనని ముందే ఒప్పుకుంటా. మా అమ్మమ్మగారిది కోనసీమ, ఎదుర్లంక పక్కన పల్లెటూరు. గౌతమీ పాయకి అవతల యానాం. అక్కడ వంతెన వచ్చింది 2002లో. అంతకుముందు పంటు మీద దాటాలి. ఒక రాత్రి తాతయ్యకి గుండెల్లో నొప్పొచ్చింది. కాకినాడ తీసుకెళ్ళాలి. అవతలి ఒడ్డున దీపాలు కనిపిస్తున్నాయి, పంటు తెల్లవారుజాము దాకా లేదు. మొదటి పంటు వచ్చేసరికి ఇక తొందర అక్కర్లేకపోయింది. ఆ రాత్రి ఎదుర్లంక నుంచి యానాం ఎంత దూరం అంటే ఏ సూత్రంతో కట్టాలో నాకు తెలీదు. మా వాడికి ఇదంతా చెప్పలేదు. పడవ ఉందిరా, చాలదు, అని ఊరుకున్నా.

2019లో ఈ ఐలాండర్‌కి కరెంటు మోటార్లు బిగించే పథకం ఒకటి ప్రకటించారు. దానికి పెట్టిన పేరు ప్రాజెక్ట్ ఫ్రెసన్. ఉద్యోగంలోంచి తీసేసిన డెబ్భై ఏళ్ళకి పెద్దాయన పేరు మళ్ళీ విమానాల దగ్గర వినిపించింది. ఇంత చిన్న ప్రయాణాలైతే బ్యాటరీ సరిపోతుందనేది ఆలోచన. 2021లో బ్యాటరీ వదిలేసి హైడ్రోజన్ వైపు మళ్ళారు. బరువు లెక్కలు దగ్గరికొచ్చేసరికి అందరికీ మా కోడు కష్టాలే.

బగ్గు సంగతి అడుగుతారేమో. సూత్రం తీసేసి హవర్సైన్ పెట్టాను, ఫ్లోట్లు డబుల్స్ చేశాను. దూరం 2.7 అని ముచ్చటగా వస్తోంది. టైము మాత్రం ఇంకా 30 నిమిషాలే. ఆ 30 తీసేస్తే మిగతా ఎయిర్‌పోర్టులన్నీ తప్పవుతాయని, ఒక్క జంట కోసం మార్చక్కర్లేదని మేనేజరు గారు బగ్గు మూసేశారు. సాయంత్రానికల్లా ఆ అమ్మాయి మళ్ళీ తెరిచింది.